ట్యాంకరులో మిగిలిన ఛార్జింగు

తుఫాను వెళ్లి మూడు రోజులైంది. కొత్తపాలెంలో కరెంటు లేక బోరు మోటారు ఆగిపోయి, ఊరంతా డ్రైవరు సువార్త తెచ్చే ట్యాంకరు నీళ్ల మీదే బతుకుతోంది. మనిషికి రెండు బిందెలు. రోజూ జుట్లు పట్టుకుంటున్నారు.

డీజిలు బండ్లన్నీ ఎప్పుడో తుక్కు కింద అమ్మేశాక నీళ్లోళ్లకీ కరెంటోళ్లకీ బ్యాటరీ లారీలే మిగిలాయి. ఇప్పుడు తీగలు బాగుచెయ్యడానికొచ్చిన లారీ ఛార్జింగయిపోయి ఊరి మొదట్లో ఒరిగిన స్తంభం పక్కనే చచ్చి పడుంది.

సువార్త బండిలో డిపోకి తిరిగెళ్లేంత ఛార్జింగే ఉంది. అయినా సీటు కిందున్న కేబులు తీసి కరెంటోళ్ల లారీకి తగిలించింది.

"అక్కా, నీ ఉద్యోగం పోద్ది," అన్నాడు లైన్‌మన్ బ్రహ్మయ్య.

"పోతే పోనీ. నువ్వు పైకెక్కు."

డిపోలో తెర మీద ఛార్జింగు తగ్గడం చూసి, క్షణంలో ఆమె క్యాబిన్‌లోని స్పీకర్లోంచి డిపో ఇంజనీరు అరిచాడు. "నీళ్ల బండి ఛార్జింగు వేరే శాఖకివ్వకూడదని రూలుంది. కేబులు పీకెయ్!"

"పీకను సార్."

"బండి అక్కడే ఆగిపోతుంది. రేపు ఆ ఊరికి నీళ్లెవరు తోల్తారు?"

బ్రహ్మయ్య నిలబడ్డ లారీ లిఫ్టు బుట్ట ఒరిగిన స్తంభం దాకా లేచింది. సువార్త అటే చూస్తూ చెప్పింది.

"కరెంటొస్తే బోరే తోడుద్ది సార్. రేపు నా బండితో పనేముంది?"