బుల్లెమ్మ చారెడేసి కళ్ళు

పద్మినిగారి హాల్లో ఓ పెద్ద గాజుతొట్టె ఉంది. అందులో ఉప్పునీళ్ళు, రంగురంగుల పగడాలు, వాటి మధ్య బుల్లెమ్మ అనే రొయ్య. చేపల నోళ్ళలోకి దూరి పళ్ళ సందులు శుభ్రం చేయడం దాని పని. పొద్దున మొదలుపెడితే దీపం ఆర్పేదాకా తీరికుండేది కాదు. మెప్పు మాత్రం ఏనాడూ దక్కలేదు. "ఒకటే చక్కిలిగిలి పెడుతుంది," అని పసుపు చేప రోజూ సణిగేది.

ఒకరోజు బుల్లెమ్మకు ఒళ్ళు పెరిగి పాత పెంకు బిగుతైపోయింది. దాన్ని చొక్కాలా విప్పేసి, కొత్త పెంకు గట్టిపడేదాకా రాయి కింద దాక్కుంది. మెత్తటి ఒంటితో తిరిగితే ఎవరో ఒకరు మింగేస్తారు మరి.

విప్పిన పెంకు కాళ్ళూ మీసాలతో సహా ఇసుక మీద పడి ఉంది. బుల్లెమ్మే చచ్చి పడి ఉందనుకుని చేపలన్నీ దాని చుట్టూ చేరి ఘొల్లుమన్నాయి.

"ఎంత ఓర్పు తల్లీ నీకు," అంది నీలం చేప.

"అలాంటి పనితనం ఇంకెక్కడ చూస్తాం?" అంది పసుపు చేప. "ఆ కళ్ళు చూశారా, చారెడేసి ఉండేవి."

రాయి కింద బుల్లెమ్మ ఆవగింజంత కళ్ళు మెరిశాయి. పరుగెత్తుకెళ్ళి పసుపు చేపను కావలించుకోవాలనిపించింది, కానీ ఒళ్ళింకా మెత్తగానే ఉంది.

మూడోనాడు గట్టి పెంకుతో బయటికొచ్చింది. చేపలు నోరెళ్ళబెట్టాయి. పసుపు చేప ఆ తెరిచిన నోరు మూయకుండానే, "మూడు రోజులు ఎక్కడ చచ్చావే? ముందు పళ్ళ సందులో ఇరుక్కున్నది లాగు," అంది.

బుల్లెమ్మ పడీపడీ నవ్వుతూ ఆ నోట్లోకి దూరింది.

"లాగుతాలే. వచ్చే నెల మళ్ళీ పెంకు విప్పుతాగా, అప్పుడు మాత్రం కాస్త గట్టిగా ఏడవండి. ఈసారి సగం మాటలు రాయి కిందికి వినపడలేదు."