చిప్పున్న ప్యాడ్లు

పాడేరులో ఘాట్ దిగుడు మొదలయ్యేచోట నూకరత్నం మెకానిక్ షెడ్డు ఉంది. బళ్ళు తమ విడిభాగాలను తామే తెప్పించుకుంటున్న రోజులవి. వచ్చినవాటిని బిగించడమే ఆమె పని. ఆ ఉదయం ఎర్రినాయుడు వ్యాను తెప్పించుకున్న బ్రేక్ ప్యాడ్లను గోటితో గీకితే పొడి రాలింది. బండి చదివి నమ్మే చిప్పు మాత్రం పేరున్న కంపెనీదే. అరిగిన ప్యాడ్ల చిప్పులు ఊడదీసి నకిలీవాటికి అతికిస్తున్నారని ఆమె విని ఉంది.

"ఇయి బిగిస్తే దిగుడులో ఆగదు, మావా."

"బండేమో మంచివే అంటంది గదమ్మా. తొమ్మిదిమందిని విశాఖ ఆసుపత్రికి దింపాల."

అటక మీద అదే కంపెనీ పెట్టె ఒకటుంది, చిప్పులు రాకముందుది. సీలు విప్పి ఆ ప్యాడ్లు బిగిస్తే, చిప్పు లేదని వ్యాను కదలనంది. నూకరత్నం నకిలీవాటి చిప్పులు ఊడదీసి మంచివాటికి అతికించింది. దొంగలు చేసే పనే అది. వ్యాను మారుమాట లేకుండా స్టార్టయింది.

మొదటి మలుపులో అది నిదానించేదాకా చూసి వెనక్కి తిరిగింది. షెడ్డు ముందు మరో మూడు వ్యాన్లున్నాయి. మూడింటికీ పొడి రాలే ప్యాడ్లే వచ్చాయి. అటక మీద ఇంకో పెట్టె లేదు.

"ఇయి నాను బిగించను" అందామె.

ముందున్న డ్రైవరు విసుక్కోలేదు. ఆ ప్యాడ్లతోనే పక్క షెడ్డు వైపు బండి తిప్పాడు. మిగతా రెండూ వెనకే కదిలాయి.