బాల్కనీలో మిశ్రచాపు

"ఏంది గీ లొల్లి! ఇంట్లకెల్లి పనిజేసే దినం మీటింగ్‌ల నా మాట నాకే ఇనవడ్తలేదు. ఇయ్యాల అటో ఇటో తేల్చుకుంట," అంటూ భార్గవ్ బూట్లలో కాళ్లు దూర్చాడు.

గోడ అవతల పక్కింటి జర్మన్ ముసలాయన, హెర్ లిండ్‌నర్, రికార్డు పెట్టాడు. గిటార్లు, ఆర్గన్, డ్రమ్స్ ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. పాడే గొంతు మాత్రం లేదు.

"జర ఆగు. మెల్లగ పెట్టుమను గని, బంద్ చెయ్యమనకు," అంది హారిక.

"మెట్ల మీద హలో అంటె పలకని మనిషికి నువ్వు వకాల్తానా? బిల్డింగ్ చూసుకునే హౌస్‌ఫెర్వాల్టుంగ్‌కు ఒక్క మెయిల్ కొడితె వాళ్లే బంద్ చేపిస్తరు."

"చేపియ్యి. అదే దినం నాకు వరంగల్‌కు టికెట్ చెయ్యి."

భార్గవ్ కోపం పాలపొంగు. ఆ మాటతో చప్పున చల్లారింది.

"నువ్వు ఆఫీసుకు పోతె ఈ ఇంట్ల నాతోని మాట్లాడేదెవరు? జర్మన్ నాకు రాదు. ఒకనాడు బాల్కనీల కూసొని ఏడుస్తున్న. గా పాట మొదలైంది. లెక్కవెడితె ఏడు! మన మిశ్రచాపు తాళం! నా చెయ్యి దానంతటదే తొడ మీద తాళమేసింది. ఆనాటి సంది రోజూ గదే నాకు తోడు. గా పాటకు ఏ భాషా అక్కర్లేదు."

చెబుతూనే ఆమె పొయ్యి మీది సర్వపిండిని పళ్లెంలోకి తీసింది. కడుపులో ఉన్న కృతజ్ఞత చెప్పడానికి ఆమెకు తెలిసిన దారి అదొక్కటే.

"కొట్లాటకు పోతున్నమా, పేరంటానికా?" అని గొణుగుతూ భార్గవ్ వెంట నడిచాడు.

పక్క తలుపు బెల్లు నొక్కారు. ఎవరూ రాలేదు. మళ్లీ నొక్కితే తలుపు అద్దం వెనక ఒక దీపం టపటపా వెలిగి ఆరింది. కాసేపటికి ముసలాయన తలుపు తీశాడు.

భార్గవ్ జర్మన్‌లో సౌండ్ సంగతి చెబుతుంటే, ఆయన అతని పెదవులకేసే చూశాడు. మొహం ఎర్రబడింది. గబగబా వెళ్లి సౌండ్ తగ్గించి, గుండె మీద చెయ్యి పెట్టుకుని క్షమించమన్నాడు. హారిక పళ్లెం చాచి, థాంక్స్ చెప్పడానికి తనకొచ్చిన ఒకే ఒక్క జర్మన్ ముక్క, "డాంకె," అంది.

ఆయన ఇద్దరినీ లోపలికి పిలిచి, అంచులు అరిగిపోయిన రికార్డు కవరు చూపించాడు. యాభై ఏళ్ల కిందటి స్వీడన్ బ్యాండట. కిటికీ దగ్గర ఒక కుర్చీ ఉంది. అక్కణ్ణుంచి చూస్తే భవనం మలుపు అవతల తమ బాల్కనీ, దండెం మీద తమ టవలూ కనిపించాయి.

"ఇన్నేండ్లయినా ఇదే పాట ఎందుకు పెడ్తడో అడుగు," అంది హారిక.

భార్గవ్ అడిగాడు. ముసలాయన నవ్వి ఏదో చాలాసేపు చెప్పాడు. చెబుతూ చెబుతూ తన తొడ మీద మూడు, ఆపైన నాలుగు దెబ్బలు వేశాడు. తర్వాత హారిక రెండు చేతులూ పట్టుకుని, "డాంకె, డాంకె," అన్నాడు. ఆయన కళ్లు తడిశాయి.

భార్గవ్ హారిక వైపు తిరిగాడు.

"ఏమంటుండు?"

"ఆయనకు చెవులు ఇనవడక శానా ఏండ్లయిందట, హారికా. ఈడ కూసొని, నువ్వు తాళం ఏస్తుంటె నీ చెయ్యి చూసుకుంట, పాట ఎందాక వచ్చిందో తెలుసుకుంటడట."