తెలుగే తాళం

కంపెనీ మన పాస్‌పోర్టులు తిరిగి చేతికివ్వకపోతే శనివారం ఎవరూ పనికి తీసుకెళ్లే బస్సెక్కొద్దని, నేను నడిపే కార్మికుల వెబ్‌సైటులో రాశాను. గల్ఫ్‌లో మేముండే అల్ కుసైస్ క్యాంపులో కంపెనీ పెట్టిన కంప్యూటర్ మీదే, ఇంగ్లీషు మాట ఒక్కటీ రాకుండా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాను. మేం ముదీర్ అని పిలిచే మేనేజరుకి తెలుగు రాదు. ఆ మాత్రం తాళం చాలనుకున్నాను.

మర్నాడు సంతకం కోసం ఆఫీసుకు వెళితే నా రాత అచ్చు కాగితమై ముదీర్ బల్ల మీద కనిపించింది. ఆ ఆఫీసులో తెలుగు వచ్చినవాడు ఒక్కడే. టీలు ఇచ్చే కడప ఇనాయత్ భాయ్.

మెస్సులో నిలదీశాను. "ముదీర్‌కి చదివి పెట్టింది నువ్వేనా?"

"నేనే సిలాసూ," అన్నాడు, రొట్టె తుంచుకుంటూ.

"కార్మికవర్గానికి ద్రోహం చేశావు."

"కానీలే. నీ సైటుకు పైన అడ్రసు పక్కన తాళంకప్ప బొమ్మ ల్యాకపాయె. నువ్వు కొట్టిందంతా ఆఫీసు మిషన్‌లో కనపడతాంది. అదే తాళమున్న బ్యాంకు సైటయితే పిచ్చి అక్షరాలే వస్తాయంట. కంప్యూటరాయన చెప్పినాడు."

"మాట మార్చకు. ఏం చదివావు?"

చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "శుక్రవారం ప్రార్థన కూటానికి రమ్మని రాసినావని హిందీలో చెప్పినా. మొన్న నువ్వు రాసిందేమో చేపల పులుసు వండే పద్ధతి అంటి."

నా పళ్లెంలోని కూర సగం అతని పళ్లెంలో వేశాను.

"తొందరగా తాళం పెట్టించు అబ్బీ. నీ మాదిరే ముదీర్‌కూ నా మీద అనుమానం వచ్చింది. రేపట్నుంచి ఇంకో తెలుగోన్ని పెట్టుకుంటాండాడు. వానికి అబద్ధం చెప్పను వచ్చునో రాదో."