వాటాదారుకు వచ్చిన కానుక

చిజురు ఆ పెట్టెను భర్త ముందుకు తోసింది. నిండా లిప్‌స్టిక్‌లు, పౌడరు డబ్బాలు.

"ఇవెవరికి?"

"ఎవరికీ కాదు. ఇవి తయారుచేసే కంపెనీ షేర్లున్నాయి నాకు. వాటాదారులకు ఏటా కానుక పంపుతారు," అన్నాడు మోరిహికో, తలెత్తకుండా.

"నూడుల్స్ కంపెనీ షేర్లు తప్ప కొనని మనిషి మీరు. ఇవెవరు కొనిపించారు? ధర సగానికి పడిందట, అమ్మెయ్యండి."

"అమ్మను."

"ఎవరండీ ఆవిడ?"

అతను టీ పక్కన పెట్టాడు. "మిసుజు అక్కడే పనిచేస్తోంది. ఒసాకాలో వాటాదారుల సమావేశం జరిగినప్పుడల్లా గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్లందరికీ వంగి నమస్కారం పెడుతుంది. నాకూ పెడుతుంది, పరాయివాడికి పెట్టినట్టే."

మిసుజు వాళ్లిద్దరి కూతురు. తనకు నచ్చని పెళ్లి చేసుకుందని గడప తొక్కొద్దన్నది అతనే.

చిజురు పెట్టె మూత పెట్టింది.

"నా పేర కూడా కొన్ని కొనండి," అంది.