వెలుగు వెనకాలే

"దీపం విప్పేశావా! ఎవర్నడిగి విప్పావు బావా?" డ్యూటీకొచ్చిన మరదలు గుమ్మంలోనే కేకేసింది.

నక్షత్రాల నడుమ వేలాడే ఆ దీపం స్టేషన్‌కి బావ కాపలాదారు, మరదలు లెక్కల మనిషి. వచ్చే ఓడలన్నీ ఆ దీపాన్ని చూసుకునే బ్రేకు వేస్తాయి. చూడలేదా, నేరుగా వచ్చి స్టేషన్‌ని గుద్దుకోవడమే. ఆ దీపం ఇప్పుడు నూట పన్నెండు ముక్కలై నేలమీద పరుచుకుని ఉంది.

"నిన్నడిగేదేంటి? లెక్కలు నీవి, నట్లు నావి. అయినా నేనంటే నీకు లెక్కెప్పుడుంది గనక! మీ అక్క వచ్చేసరికి అద్దం తళతళలాడాలని విప్పా."

"అక్క వస్తోందా?"

"పొద్దున దుర్భిణిలో చూశా. మీ అక్క ఉన్న రేవులో ఓడ మెరిసింది, బయల్దేరింది. దూరం నాలుగు కాంతి సంవత్సరాలు. కాంతికే నాలుగేళ్ళు పడితే మీ అక్కకి పట్టవా? గుమ్మం దాటడానికే గంట తీసుకునే మనిషి!"

మరదలు నవ్వలేదు. "ఓడ వేగమెంత?"

"కాంతి కన్నా వెంట్రుకవాసి తక్కువ."

"నువ్వు చూసిన మెరుపు ఇక్కడికి రావడానికి ఎన్నేళ్ళు పట్టింది?"

"నాలుగు."

"మరి ఆ నాలుగేళ్ళూ అక్క రేవులోనే కూర్చుందా?"

బావ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. "నేను చూసింది ఇవాళే కదా..."

"చూసింది ఇవాళ. జరిగింది నాలుగేళ్ళ కిందట. అప్పట్నుంచీ ఆ వెలుగు వెనకాలే పరిగెత్తుకొస్తోంది." ఆమె గబగబా లెక్క వేసింది. నమ్మలేక మళ్ళీ వేసింది. "మెరుపొచ్చిన ఆరు గంటలకి ఓడ వస్తుంది బావా."

"నాలుగేళ్ళ దూరం ఆరు గంటల్లోనా? కాంతినే మించిపోయిందా మీ అక్క?"

"మించదు. మనకలా కనిపిస్తుందంతే. మెరుపు ఎన్నింటికి చూశావు?"

"ఎనిమిదింటికి."

ఇద్దరూ గోడ గడియారం వైపు తిరిగారు. రెండు కావడానికి ఐదు నిమిషాలుంది.

బావకి స్క్రూడ్రైవరూ పడిపోయింది, మాటా పడిపోయింది. పొద్దుట్నుంచి నట్లు విప్పినవాడికి ఒక్కసారిగా నత్తి పట్టుకుంది. "బి... బి... బిగించు!"

ఇద్దరూ నేలమీద పడి ముక్కలు ఏరారు. ఒక నట్టు బిగిసింది. రెండోది చేతిలోంచి జారి బల్లకిందికి దొర్లింది.

గోడమీది రేడియో గరగరలాడింది.

"ఏవండోయ్, దీపమేదండీ?"