రెండు నిమిషాల సాక్ష్యం

"పద్నాలుగేళ్లుగా బ్రదర్ హోసియా మందు చుక్క ముట్టలేదు" అని ఓజెల్ మైకులో చదివిందో లేదో, చర్చి వెనక బెంచీలోంచి కిసుక్కున నవ్వు వినిపించింది.

ముందు వరసలో వెర్లీన్‌కి ఒళ్లు మండిపోయింది. మొగుడు ఎదురుగా శవపేటికలో ఉన్నాడు. మిసిసిపి నది పొడుగునా ఊరూరా బ్లూస్ పాటలు పాడిన గొంతు మూగబోయి నాలుగు రోజులు. ఆ ఒక్క వాక్యం కోసం ఆవిడ పాస్టర్‌తో పోట్లాడి మరీ ఓజెల్ చదివే కాగితంలో వేయించుకుంది. నవ్విందెవరో తిరిగి చూడక్కర్లేదు. క్లియోఫస్! హోసియా పక్కన ముప్పయ్యేళ్లు మౌతార్గాన్ ఊదినవాడు, మైకు ముందున్న ఓజెల్‌కి సాక్షాత్తూ మొగుడు.

"ఇక ఆయన గురించి మీ మీ సాక్ష్యాలు. మనిషికి రెండే నిమిషాలు" అంది ఓజెల్, మొగుడికేసి గుర్రుగా చూస్తూ.

క్లియోఫస్ అప్పటికే లేచాడు. "పోయినవాడి మీద నాకేం పగ లేదు. కానీ దేవుడి ఇంట్లో అబద్ధమెందుకు? ప్రతి శనివారం బర్డీ బారులో, వాడి స్పీకరు మీద విస్కీ గ్లాసు. పాటకో గుక్క! నా కళ్లారా చూశా."

"నోర్ముయ్ క్లియోఫస్!" వెర్లీన్ దిగ్గున లేచింది. చేతిలో అట్ట విసనకర్ర ఆగకుండా ఊగుతోంది. "ఆయన మంచం కోడు పట్టుకుని గజగజ వణుకుతూ మానాడు. ఆ వణుకు నేను చూశాను. నువ్వు చూశావా?"

"మరి ఆ గ్లాసు సంగతేంటి వదినా?"

"అందులో ఉంది టీ!" బారు నడిపే ముసలి బర్డీ కర్ర ఊతంగా లేచింది. "అభిమానంతో పంపిన మందు వద్దంటే జనం మొహం మాడ్చుకుంటారు. 'పిన్నీ, నీకు పుణ్యముంటుంది, విస్కీ గ్లాసులో టీ పోసియ్యి' అని బతిమాలాడు. పద్నాలుగేళ్లూ నేనే కాచి, చల్లార్చి పోశా. విస్కీ పంపినవాళ్లు తిట్టుకోండి, పడతా."

"ఓసి నీ దుంపతెగ!" అన్నారెవరో. చర్చంతా గొల్లున నవ్వింది.

క్లియోఫస్ తగ్గలేదు. "టీ అయితే వాడి కోటుకి మందు కంపెక్కడిది? ఆదివారం పొద్దున ఇదే బెంచీలో నా పక్కన కూర్చుంటే గుప్పున కొట్టేది. వదినా, బైబిలు మీద చెయ్యేసి చెప్పు, కొట్టేదా లేదా?"

వెర్లీన్ చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

కొట్టేది. ప్రతి వారం ఆవిడే ఆ కోటు ఎండలో ఆరేసేది. ఒక్కసారి కూడా ఆయన్ని అడగలేదు. అడిగితే అవునంటాడేమోనని భయం. అందరి నోళ్లూ మూయించాలని వచ్చింది గానీ, తన మనసు నోరే ఇన్నాళ్లూ మూయించలేకపోయింది.

"చూశారా, మాట పడిపోయింది!" అన్నాడు క్లియోఫస్.

మైకు గరగరమంది. ఓజెల్ చేతిలో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"నా రెండు నిమిషాలు నేనూ వాడుకుంటా. 'ఎవరికీ చెప్పకమ్మా, వాడి పరువు పోతుంది' అని హోసియా అన్న నా దగ్గర ఒట్టేయించుకున్నాడు. అన్న పరువే పోతుంటే ఇంకా ఒట్టేమిటి?" మొగుడికేసి తిరిగింది. "ఏవయ్యా, శనివారం బారులోంచి ఇంటికెలా వచ్చేవాడివి?"

"ఎలా ఏముంది? నడిచొచ్చేవాణ్ణి!"

"ఒక్క శనివారం కూడా నువ్వు నీ కాళ్ల మీద రాలేదు. అన్నే నిన్ను భుజానేసుకుని మోసుకొచ్చి, మంచం మీద పడేసి వెళ్లేవాడు. ఆ కోటు కంపు నీదే!"